వరస కలిపిన పాలకూర

ఆకుల టీచరంటే ఆ బడిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరేమిటో వాళ్ళాయన కూడా తడుముకుని చెప్పాల్సిందే. బడి వంటగది వెనక, నీళ్ళ ట్యాంకుకీ ప్రహరీకీ మధ్యనున్న రాళ్ళనేలను పిల్లల చేత తవ్వించి, పాలకూర మడులు వేయించిన మహాతల్లి ఈవిడే. "ఇంటిపని మీద కూడా ఇంత శ్రద్ధ ఉంటే బాగుండును" అని అత్తగారు దెప్పేది. "మీరున్నారుగా అత్తయ్యా, ఇంటికేం లోటు!" అంటూ ఈవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టేది.

బడి భోజనంలో ఆకు కనిపిస్తే చాలు, పిల్లలు ఏరి కంచం అంచున పెట్టేవారు. పాలిపోయిన ఆ మొహాలు చూస్తే ఆవిడకి కడుపు తరుక్కుపోయేది. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం తెగేసి చెప్పింది: "పంట కోసిన రోజు పిల్లలు తింటే తోట ఉంటుంది. లేదా, అక్కడ సైకిళ్ళ షెడ్డు వేయిస్తాను."

పిల్లలకి మమకారం కలగాలని టీచరు తలా ఒక మొక్క అప్పగించింది. "దీన్ని మీ ఇంట్లో మనిషే అనుకోండి. వరస కలిపి పిలవండి" అంది. అక్కడే కొంప మునిగింది! చెల్లాయికి ముందు నీళ్ళు పోయాలని ఒకడు, తాతయ్యకి ఎండ తగలకూడదని గొడుగు పట్టుకుని ఒకతె తయారు. అత్తయ్యని తొక్కావంటూ జుట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. పాలకూర మాత్రం ఏపుగా పెరిగింది.

కోత రోజు హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. వంటావిడ కత్తెర తీసిందో లేదో, "మా చెల్లాయిని కోస్తారా!" అని ఒకడు బావురుమన్నాడు. అంతే, అందరూ అందుకున్నారు.

"కోస్తే మళ్ళీ చిగురిస్తుందర్రా! మీ చెల్లాయికి జుట్టు కత్తిరించరూ?"

"జుట్టు ఎవరైనా తింటారా టీచర్?"

తను తీసిన గోతిలో తనే పడ్డాక ఎవరి మీద అరుస్తుంది పాపం? మట్టిలోనే చతికిలబడింది. "మీరు తినకపోతే తోట తీసేస్తారర్రా" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు పిల్లలు ఎన్నడూ చూడలేదు. ఏడుపులు ఆపి గుసగుసలాడుకున్నారు.

చివరికి పళ్ళూడిన పిల్ల ఒకతె ముందుకొచ్చింది. "మా చెల్లాయిని నేను తినను టీచర్. వీడి మావయ్యనైతే తింటా."

ఇక చూడాలి ఆ బేరాలు! "మా పిన్నినిస్తా, మీ తాతయ్యనివ్వు!" "మీ పిన్నికి పురుగు పట్టింది, నాకొద్దు బాబూ!" వంటావిడకి నవ్వాగక కత్తెర జారిపోయింది. భోజనాల దగ్గర "మావయ్య ఇంకొంచెం" అని అడిగి మరీ వేయించుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ వాటాకి ఎవరి బాబాయో వచ్చాడు. ఆవిడ గంభీరంగా నమిలి, "బాబాయికి ఉప్పు తగ్గింది" అంది. షెడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం టీచరు మడికి నీళ్ళు పెడుతుంటే, చివర్లో ఒక మొక్క ఆకు తెగకుండా అలాగే కనిపించింది, పక్కనే దాన్ని పెంచిన కుర్రాడు.

"ఇదేంట్రా, దీనికి బేరం కుదరలేదా?"

"లేదు టీచర్. ఎంత బతిమాలినా ఎవ్వరూ తినం అన్నారు."

"ఇంతకీ ఎవర్రా ఇది?"

"మీరే."

ఆవిడ అలాగే మడి గట్టు మీద కూర్చుని, పిల్లలు చూస్తున్నారని కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.