తోసిన బండికి సీరియల్ లేదు

రెండువేల రెండులో చిలకలూరిపేట జీపుల స్టాండులో ఒక రూలు పుట్టింది. తోసి స్టార్ట్ చేసిన బండి తన సీరియల్ వదులుకుని వరుసలో చివరికి పోవాలి. ఆ రూలు అందరికీ కాదు, ఖుర్షిదాకు. స్టాండులో ఎవరూ ఒప్పుకోరు గానీ, డిగ్రీ మధ్యలో వదిలేసి రోజంతా అక్కడి టీకొట్టులోనే కూర్చునేవాణ్ణి కాబట్టి నేను చూసిందే రాస్తున్నాను.

ఖుర్షిదా మొగుడు జాన్ బాషా మిరప బస్తాలెత్తి నడుము పోగొట్టుకున్నాక, అతని డీజిల్ జీపు ఆవిడే తోలడం మొదలుపెట్టింది. మిరపకోతలకు పోయే ఆడకూలీలంతా ఆ బండే ఎక్కేవారు. మిగతా డ్రైవర్లకు అదే మంట. ఆ చలికాలం బండి మొరాయించింది. కూలీలు దిగి తోస్తే గానీ అందుకునేది కాదు. కొత్త బ్యాటరీ వేస్తే అదీ నాలుగు రోజులకే చచ్చింది. సీరియల్ పోతే కూలీలు వేరే బండెక్కుతారు, ఇక జీపు అమ్ముకోవాల్సిందే. స్టాండు పెద్ద బాపయ్య జాలిపడుతున్నట్టు మొహం పెట్టి, బండి అమ్మేసి మిషన్ కుట్టుకోమన్నాడు.

"నువ్వు తోలలేని రోజు చెప్పు బాబాయ్, నీకూ ఒక మిషన్ చూస్తా" అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నమే బండిని టీకొట్టు పక్కనే ఉన్న ఎలక్ట్రీషియన్ ఇమాం హుస్సేన్ షెడ్డులో పెట్టింది. అతనూ మళ్లీ బ్యాటరీయే అన్నాడు. రెండు బ్యాటరీలు మింగిన బండి మూడోదీ మింగుతుంది, మింగేదేదో చూడమని పట్టుబట్టింది. మీటరు పెట్టాడు. ఇంజను ఆగి ఉంటే పన్నెండు వోల్టులు. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కినా ముల్లు అక్కడే. పద్నాలుగు దాకా ఎక్కాలి. బెల్టు బిగువుగానే ఉంది. బ్యాటరీని నింపాల్సిన ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించడం మానేసిందన్నమాట.

మరి ఛార్జింగ్ లేదని చెప్పే ఎర్రలైటు ముందర వెలగాలి కదా అన్నాడు అతను. డాష్‌బోర్డుకు పెదకాకాని దర్గా నుంచి తెచ్చిన పచ్చగుడ్డ కట్టి ఉంది. బండికి ఏమీ కాకూడదని ఆవిడే కట్టింది. పైకెత్తి చూసింది. కింద ఎర్రలైటు వెలుగుతోంది, ఎన్నాళ్ల నుంచో.

బ్యాటరీ తీసి ఛార్జింగుకు పెట్టారు. బెల్టు వదులు చేసి, బోల్టులు విప్పి పాత ఆల్టర్నేటర్ దించారు. బాగుచేసినది ఒకటి ఎక్కించారు. దాన్ని పలుగుతో ఎత్తిపట్టి బెల్టు బిగించింది ఖుర్షిదాయే. బ్యాటరీ మళ్లీ పెట్టి స్టార్ట్ చేస్తే ఈసారి ముల్లు పద్నాలుగుకు ఎక్కింది, ఎర్రలైటు ఆరింది. గుడ్డ తీసి అద్దానికి కట్టుకుంది.

మర్నాడు పొద్దున కూలీలు అలవాటుగా తోయడానికి బండి వెనక్కి పోయారు. ఎక్కి కూర్చోమంది. తాళం తిప్పగానే అందుకుంది. ఆపి, మళ్లీ తిప్పింది. బాపయ్య బీడీ పారేసి, సరేలే పో అన్నాడు.

ఆవిడ పోలేదు. దిగి వరుసకు ఎదురుగా నిలబడింది.

"రూలు పెట్టారుగా. అందరూ తాళాలు తిప్పండి. చూశాకే పోతా."

ఎవరూ కదల్లేదు. కోతలకు పొద్దెక్కుతోందని ఖుర్షిదా జీపులోంచి పిచ్చమ్మ అనే కూలీ కసిరితే బాపయ్య తాళం తిప్పాడు. బండి రెండుసార్లు మూలిగి ఊరుకుంది. ఇద్దరు డ్రైవర్లు వెళ్లి వెనక చేతులు వేశారు. ఖుర్షిదా వాళ్లకేసి చూసింది. చేతులు తీసేశారు.

"తోద్దురుగాని. ముందు ఆయన్ని రూలు తీసేశామని చెప్పమనండి."

బాపయ్య గొణిగాడు. గట్టిగా చెప్పమంటే గట్టిగానే చెప్పాడు. అప్పుడు తోశారు. ఆ బండి అందుకునేసరికి ఆవిడ జీపు కూలీలతో రోడ్డెక్కేసింది.