సూది దిగని రెక్క

సూరత్ రింగ్ రోడ్ మార్కెట్లో నేను పనిచేసే బట్టల దుకాణంలో చాలాకాలం మూసి ఉంచిన చీరల పెట్టె విప్పితే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. తోటివాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఒక్క క్షణం గట్టిగా పీల్చుకుంటాను. మా బాపు చొక్కా వాసన అది.

బాపు కరీంనగర్ పక్క పల్లె నుంచి సూరత్‌కు మగ్గాల పనికే వచ్చాడు. ఆ చప్పుడుకు చెవులు దెబ్బతిన్నాక, చచ్చిన జంతువులను బతికున్నట్టు నిలబెట్టే ఒక ముసలి పార్సీ సేఠ్ దగ్గర కుదిరాడు. వేట ఎప్పుడో ఆగిపోయింది కనుక, పాత బంగళాల నుంచి పురుగు కొట్టిన జింక తలలు మరమ్మతుకు వచ్చేవి. హజీరా వైపు సముద్రంలో సరదాకు గాలం వేసే బాబులు తాము పట్టిన పెద్ద చేపలను హాల్లో గోడకు పెట్టుకోవాలని పంపేవారు. చేపను పక్క నుంచి కోసి, మాంసమంతా తీసి, తోలు లోపల పురుగు పట్టకుండా వెలిగారం, కలరా ఉండల పొడి పట్టించి, రంపపుపొట్టు కూరి కుట్టి ఆరబెడితే, రంగంతా పోయి అట్టముక్కలా తయారయ్యేది. అప్పుడు బాపు సన్న కుంచెతో ఒక్కో పొలుసుకు వెండి, నీలం, కాస్తంత గులాబీ అద్ది, చివరన గాజు కన్ను పెట్టేవాడు. కన్ను పెట్టగానే అది నన్నే చూసేది. మా బాపు చచ్చినవాటిని బతికిస్తాడని బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని.

మేముండే అమ్రోలిలో మా గల్లీ తెలుగువాళ్లకు ఆ పని గిట్టేది కాదు. బతుకమ్మ నాడు అమ్మ పంచిన రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలను చేతిలోకి తీసుకునేవారే కానీ, నోట్లో పెట్టుకునేవారు కాదు. బాపు ఇంటికి రాగానే అమ్మ వాకిట్లోనే బకెట్ పెట్టి, "గోళ్లల్ల గూడ జర మంచిగ కడుక్కో," అనేది.

నాకు పదేళ్లప్పటి ఉత్తరాయణ్, అదే మన సంక్రాంతి పండగ. డాబాల నిండా జనం, ఉంధియు కూర, జిలేబి, నువ్వుల చిక్కీ, ఎవరి పతంగి తెగినా "కాట్యో!" అని కేకలు. మధ్యాహ్నం దాటాక తాపీ నది వైపు నుంచి వస్తున్న ఒక తెల్ల కొంగ, గాజుపొడి పూసిన మాంజా దారం కోసుకుని మా డాబా మీద పడింది. రెక్క మొదట్లో ఎముక కనిపిస్తోంది. దాన్ని ఒళ్లో పొదువుకుని మెట్లు దిగి, బాపు చెవి దగ్గర అరిచాను: "బాపూ, దీన్ని మంచిగ చెయ్యి!"

మాకు తెలిసిన ఒక్క పశువుల డాక్టరు పండక్కి ఊళ్లో లేడు. బాపు తన సూదీ దారం తెచ్చాడు. ఎన్నో తోళ్లను తొణక్కుండా కుట్టిన ఆ చెయ్యి, కొంగ ఒక్కసారి విదిలించుకోగానే ఆగిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ ఆగిపోయింది.

"సూది దిగుతలేదు బిడ్డా," అన్నాడు. "సచ్చినయాటిని నిలవెట్టుడే నాకు అస్తది. పానం వోసుడు రాదు."

ఏడుస్తూ ఆయన వీపు మీద పిడికిళ్లతో గుద్దాను. ఆయన కదల్లేదు. అమ్మ చెంచాతో పోసిన నీళ్లు కొంగ ముక్కు పక్క నుంచి కారిపోయాయి. ఎదురు డాబా మీద పాటలు మోగుతూనే ఉన్నాయి. పొద్దు వాలేసరికి దాని మెడ అమ్మ చేతిలో వాలిపోయింది.

"అయితె చేపల లెక్క చెయ్యి బాపూ. ఎగురుతున్నట్టు చెయ్యి," అన్నాను.

"గీ పక్షులను గట్ల చేస్తె కానూన్ ఒప్పుకోదు," అన్నాడు. తర్వాత తల వంచుకునే, "దీని కన్ను సూసిన బిడ్డా. అండ్ల గాజు పెట్టుడు నాతోని కాదు," అన్నాడు.

తువ్వాలలో చుట్టి తాపీ గట్టున పాతిపెట్టి వచ్చాం. ఆ తర్వాత బడిలో నేను బాపు గురించి గొప్పలు చెప్పలేదు. అది ఆయనకు తెలిసిందో లేదో అడగనూ లేదు.

సేఠ్ పోయాక దుకాణం మూతపడింది. అక్కడిప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. కుంచెలు, అచ్చులు తుక్కులో కలిశాయి. బాపు కూడా పోయాడు. ఆఖరి రోజుల్లో పక్కన కూర్చోవడం తప్ప నాకూ ఏమీ చేతకాలేదు. మొన్న ఇచ్ఛాపూర్‌లో చీరలు ఇవ్వడానికి వెళ్లిన ఒక ఇంట్లో, గోడ మీద పెద్ద చేప కనిపించింది. కింద రేకు మీద పట్టినవాడి పేరు, చేప బరువు ఉన్నాయి. వెండి, నీలం, కాస్తంత గులాబీ. చాలాసేపు చూశాను. అది బాపు చేతిదో కాదో పోల్చుకోలేకపోయాను.