రంగు జారలేదు

పెయింటరు గోడ మీద చెయ్యి వేసి చూడందే రంగు డబ్బా మూత తియ్యడు. అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఇంకా చెమ్మ ఉందో లేదో కనిపెడతాడు. చెమ్మ తగిలిందా, ఇంటివాళ్లు నెత్తీ నోరూ బాదుకున్నా సరే, ఆ రోజుకి బ్రష్షు ముట్టడు. పొడి గోడ మీదే రంగు నిలుస్తుందని అతని నమ్మకం. గోడల విషయంలో ఆ నమ్మకం అతన్ని ఎన్నడూ మోసం చెయ్యలేదు.

గోడలు అతనికి కూడు పెడితే, ఒళ్లు అతనికి పిచ్చి పట్టించింది. మీసం మొలిచిన దగ్గర్నుంచి బాడీబిల్డింగ్ పోటీలే లోకం. ఇంటి నిండా కంచు పతకాలు. మూడో స్థానం దాటి ఒక్క మెట్టు పైకి ఎక్కింది లేదు. జిమ్‌లో అందరూ "కంచు" అని పిలిస్తే పలికేవాడు కూడాను.

ఆ పోటీల లోకం తీరే తలకిందులు. బయట ఎవరికైనా బుగ్గలు లోపలికి పోయి, నాలుక పిడచకట్టి, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతే ఆసుపత్రికి తీసుకెళతారు. అక్కడ మాత్రం భుజం తట్టి "తయారయ్యావు" అంటారు. చర్మం కింద నీరుంటే కండ మీద గీతలు కనపడవట. అందుకని స్టేజీ ఎక్కే ముందు ఉప్పు మానేస్తారు, ఆ పైన నీళ్లు మానేస్తారు, అదీ చాలక ఒంట్లో మిగిలిన నీటిని బయటికి తోసే బిళ్లలు మింగుతారు. మనిషి చావుకి ఎంత దగ్గరగా జరిగితే అంత బాగున్నాడని చప్పట్లు కొడతారు. మాట కటువుగా ఉందేమో గానీ, జరిగేది అదే.

పెయింటరు కూడా అలాగే జరిగి జరిగి, చివరి పోటీ అయిన మర్నాడు బాత్రూంలో కొయ్యబారి పడిపోయాడు. పిక్కలూ కడుపూ మెలి తిరిగిపోయాయి, కేక వెయ్యడానికి గొంతులో తడి లేదు. భార్య తలుపు గడియ విరగ్గొట్టి బయటికి లాగింది. ఒంట్లో లవణాలు తారుమారై గుండె లయ తప్పిందని, ఇంకోసారి ఇలా వస్తే తాను చెయ్యగలిగింది ఏమీ ఉండదని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు.

తేరుకున్నాక నడుం నొప్పికని వెళితే, ఫిజియోథెరపిస్టు ఆవిడ అతని చేతికి కెటిల్‌బెల్ ఇచ్చింది. పిడి ఉన్న ఇనప గుండు, అంతే. అతను అలవాటు కొద్దీ అద్దం కోసం వెతుక్కున్నాడు. ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడమంది. గోడలు చూడ్డం తనకి కొత్త కాదులెండి అని నవ్వాడు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఇన్నేళ్లూ ఒక్కో కండనీ విడివిడిగా బుజ్జగించి పెంచాడు గానీ, అన్నీ కలిసి ఒక్క పని చెయ్యడం వాటికి తెలీదు. తుంటి వెనక్కి లాగి, ముందుకి విసిరి, ఊపిరి గట్టిగా వదిలితే గుండు దానంతటదే ఛాతీ ఎత్తుకి లేవాలి. కొండంత మనిషి కాసేపటికే చతికిలబడి రొప్పాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అయినా వదల్లేదు. ఏడాది తిరిగేసరికి చొక్కాలు వదులయ్యాయి, నిచ్చెన ఎక్కితే ఆయాసం రావడం మానేసింది, నడుం నొప్పి ఏమైపోయిందో తెలీదు. పతకాలు మూటగట్టి అటక మీద పడేశాడు. వెనక గదిలోని నిలువుటద్దం ఊడబీకి అమ్మేశాడు. ఇక ఆ లోకంతో తనకి ఏ సంబంధమూ లేదనుకున్నాడు. భార్య కూడా అలాగే అనుకుని, ఆ ఇనప గుండుని "మా ఆయన చెంబు" అని మురిపెంగా చెప్పుకునేది.

ఆమె తమ్ముడు మాత్రం అలా అనుకోలేదు. బస్సు డిపోలో టైర్లు మార్చే ఉద్యోగం అతనిది. తల్లి పోయినప్పటి నుంచి అక్కే పెంచింది, కాబట్టి అక్క ఇల్లే అతని ఇల్లు. బావని చూసే జిమ్‌కి వెళ్లాడు, బావని మించిపోయాడు. ఉదయాన్నే బావ గుండు ఊపుతుంటే గుమ్మానికి ఆనుకుని నిలబడి, "ఏం బావా, చెంబు తోమడం అయిందా?" అనేవాడు. నీ బుర్ర తోమడానికి ఇంకా పెద్దది కొనాలిరా అని బావ జవాబిచ్చేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వుల్లో ఒక్కటైనా మిగిలి ఉంటే బాగుండేది.

పెద్ద పోటీ దగ్గరపడుతున్న కొద్దీ తమ్ముడి ముఖం ఎముకకి అంటుకుపోతూ వచ్చింది. అక్క కళ్ల ముందు పాత బాత్రూం తలుపే మెదిలేది. బతిమాలింది, తిట్టింది, మాట్లాడ్డం మానేసింది. బావ తన కథంతా విప్పి చెప్పాడు. చెవిన వేసుకుంటేగా. నీళ్లు కాస్త తగ్గిస్తాను గానీ బిళ్లల జోలికి పోనని అక్క తల మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. ఆమెకి నమ్మకం కుదరలేదు. పోటీ రోజు ఉదయం భర్తని పక్కకి పిలిచింది.

"వాడు నా మాట వినడు, నీ మాటా వినడు. నువ్వు వెంట ఉండు. మనిషి ఆ స్థితికొస్తే ఎలా ఉంటాడో నీకు తప్ప ఎవరికి తెలుసు? ఏమాత్రం తేడాగా కనిపించినా స్టేజీ ఎక్కనివ్వకు. నన్ను జన్మంతా తిట్టుకున్నా ఫర్లేదు, వాణ్ణి ఇంటికి తీసుకురా."

"నేనున్నాగా," అన్నాడు పెయింటరు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

దారి పొడుగునా బావమరిది బస్సు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. ఒక్క వేళాకోళం ఆడలేదు. పోటీ బెంగ కాబోలు అనుకున్నాడు బావ.

స్టేజీ వెనక గదికి కిటికీల్లేవు. నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. దాని మీద పదిమంది మగవాళ్లు వెల్లకిలా పడుకుని, కాళ్లు కుర్చీల మీద పెట్టుకుని పైకప్పుకేసి చూస్తున్నారు. అంత కండలున్న మనుషులు ఉన్న గదిలో ఒక్క గొంతూ లేవడం లేదు. ఎవరో ఒకతను కదిలితే పట్టా కరకరమంది. పెయింటరు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇలాంటి గదుల్లో తనూ ఇలాగే పడి ఉండేవాడు, కానీ నిలబడి చూడడం ఇదే మొదటిసారి. వీణ్ణి ఇప్పుడే లేపి తీసుకుపోదామా అన్న ఆలోచన వచ్చింది. అంతలో రంగు సీసా చేతికి అందింది.

లైట్ల కింద కండలు తేలడానికి ఒంటికంతా ముదురు గోధుమ రంగు పట్టిస్తారు. ఆ పనిలో పెయింటరుకి సాటి లేదని పోటీల వాళ్లందరికీ తెలుసు. అది మహా చిరాకు పని. గదిలో ఉక్కకి చెమట పట్టి, చంకల్లోంచీ వెన్ను మీంచీ రంగు చారలు చారలుగా జారిపోతుంది. తుడవాలి, మళ్లీ పుయ్యాలి, మళ్లీ తుడవాలి. పెయింటరు అలవాటు ప్రకారం ముందు బావమరిది వీపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎండకి కాగిన గోడలా వేడిగా, పొడిగా తగిలింది.

స్పాంజితో ఒక్క పూత వేశాడు. పట్టేసింది. భుజాల నుంచి పిక్కల దాకా ఎక్కడా ఒక్క చార లేదు. ఇన్నేళ్లలో ఏ ఒంటి మీదా, తన ఒంటి మీద కూడా, రంగు ఇలా కూర్చోలేదు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఒక్కో నరం, ఒక్కో గీత చెక్కినట్టు ఉంది. కళ్లు చెదిరిపోయాయి. తనకి ఏనాడూ దక్కని మొదటి స్థానం ఎదురుగా నిలబడి ఉంటే, ఎందుకు వచ్చాడో ఆ సంగతే మరిచిపోయాడు.

"ఈసారి నీదేరా," అన్నాడు. "చుక్క కూడా జారలేదు."

బావమరిది పెదాలు తడుపుకోబోయాడు. నాలుక పెదవికి అంటుకుంది. "బావా, కాళ్లు ఒకలా..." అన్నాడు. ఇంకాస్సేపు ఓర్చుకోమని బావ వీపు తట్టబోయి, రంగు చెదురుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడే భార్య ఫోన్ చేసింది. ఎలా ఉన్నాడని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉన్నాడు," అన్నాడు పెయింటరు.

హాల్లో చప్పట్లు కొట్టి కొట్టి అతని అరచేతులు మండాయి. ఫలితం చెప్పేటప్పటికి స్టేజీ మీద ఇద్దరే మిగిలారు. రెండో స్థానానికి ఎదుటివాడి పేరు పిలిచారు. జనం ఊగిపోయారు. గెలిచినవాడు కదల్లేదు. చేతులు నడుం మీద, నవ్వు ముఖం మీద, అలాగే ఉండిపోయాడు. కప్పు తెచ్చి ఇవ్వబోతే అందుకోలేదు. నవ్వు చెరక్కుండానే నిలువునా ముందుకి పడ్డాడు.

పెయింటరు స్టేజీ మీదికి ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. తుంటి దించి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో బావమరిదిని భుజానికెత్తుకుని ఇరుకు మెట్ల మీంచి దిగాడు. నడుం కలుక్కుమనలేదు, ఆయాసం రాలేదు. కెటిల్‌బెల్ ఇచ్చిన బలం అంతా పనికొచ్చింది. పనికిరావాల్సిన గడియ అంతకు ముందే దాటిపోయింది. ఎవరిదో వ్యాన్‌లో పడుకోబెట్టి నుదుటి మీద అరచెయ్యి వేశాడు. అదే వేడి, అదే పొడి. అప్పుడు అర్థమైంది అతనికి. రంగు ఎందుకు జారలేదో.

ఆసుపత్రిలో అతను వరండాలో నిలబడేసరికి భార్య వచ్చింది. బావమరిది నిక్కరు మడతలో ఖాళీ బిళ్లల అట్ట దొరికింది. డాక్టరు ఒకటే అడిగాడు, చెమట పట్టడం ఎప్పుడు ఆగిపోయిందని. అక్కడున్న వాళ్లలో ఆ జవాబు ఒక్కడికే తెలుసు. రంగు పూసేటప్పటికే లేదని చెప్పాడు. డాక్టరు లోపలికి వెళ్లిపోయాడు. భార్య అతని చేతుల వంక చూసింది. మోచేతుల దాకా గోధుమ రంగు ఉంది.

"అయితే నీకు కనిపించలేదా?" అంది.

అబద్ధం ఆడి ఉంటే ఆమె నమ్మేదే.

"కనిపించింది," అన్నాడు. "బాగుందనుకున్నాను."

బావమరిది బతికాడు. మూత్రపిండాలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేసే యంత్రం దగ్గర పడుకుని వస్తాడు. మిగతా రోజుల్లో వెనక గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నీళ్లు ఎక్కువైతే ముఖం ఉబ్బుతుందని, ఊపిరితిత్తుల్లోకి కూడా చేరతాయని డాక్టర్లు కొలత పెట్టారు. ఒకప్పుడు నీళ్లంటే ముఖం తిప్పుకున్నవాడు ఇప్పుడు చిన్న గ్లాసు రెండు చేతులా పట్టుకుని గుక్క గుక్కకీ ఆగుతాడు. కొలిచి పోసేది అక్కే. కప్పు ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

పెయింటరు రోజూ ఉదయం గోడ వైపు తిరిగి గుండు ఊపుతాడు. చెమట కారి నేల మీద పడుతుంటే బావమరిది ఆ చుక్కల్నే చూస్తూ కూర్చుంటాడు. మొన్నొక రోజు "బావా, ఒక్క గుక్క" అన్నాడు. దాహం చంపేస్తోందన్నాడు. పెయింటరు గుండు కింద పెట్టి దగ్గరికొచ్చాడు. ముఖం నిండుగా, నునుపుగా, కాస్త మెరుస్తూ ఉంది. కోలుకుంటున్నాడు, బుగ్గలు వచ్చాయి అని లోపల సంతోషం తన్నుకొచ్చింది. వచ్చిన సంతోషాన్ని చూసి భయపడిపోయాడు. వంటింటి వైపు తిరిగి భార్యని పిలిచాడు.

"ఒకసారి వచ్చి వీడి ముఖం చూడు," అన్నాడు. "ఒళ్లు చేశాడో, ఉబ్బాడో నువ్వే చెప్పు. నాకు బాగానే కనిపిస్తున్నాడు."