చిన్నాయన కనుబొమ మీది గాటు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే నాకు తొమ్మిదేళ్ళు నిండిన వేసవిలో, పదకొండు రోజుల పాటు మా ఇంటి వసారాలో ఒక పీట మీద కదలకుండా కూర్చున్నాను. చనిపోయిన మా చిన్నాయన పోలికలు నాకే వచ్చాయని అందరూ అనేవారు. ఆయనకు ఒక్క ఫోటో కూడా లేదు. ఇరవై ఏళ్ళకే జ్వరంతో పోయిన కొడుకు ముఖం తన మనసులో రోజురోజుకూ చెరిగిపోతోందని మా అవ్వ బెంగ పెట్టుకుంది. పూర్తిగా చెరిగిపోకముందే ఒక పటం గీయించుకోవాలని, మా ధర్మవరంలో అంగళ్ళకు బోర్డులు రాసే రంగూన్ మామను పిలిపించింది.

ఆయన రంగూన్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి మీద బాంబులు పడ్డప్పుడు అడవి దారిన నెలల తరబడి నడిచి ఈ దేశం చేరాడు. ఎక్కడా కుదురుకోలేక రైళ్ళు మారుతూ పోతూ, ఇంజనుకు నీళ్ళు పట్టడానికి బండి మా ఊళ్ళో ఆగితే దిగి, మళ్ళీ ఎక్కలేదు. కడవ నీళ్ళకు కొట్లాడుకునే మా ఊళ్ళో బండికి నీళ్ళు దొరికితే మనుషులకూ దొరుకుతాయనుకున్నాడు కాబోలని జనం నవ్వేవారు.

ఆయన పద్ధతి మనుషుల సహనానికి పరీక్ష. ముక్కు ఎలా ఉండేదని ఒక్కసారి కూడా అడగలేదు. వాకిలి దాటేటప్పుడు తల వంచేవాడా, వంచితే ఎంత? గుంతమగ్గంలో కూర్చుంటే ఏ భుజం పైకి లేచేది? ముద్ద నములుతుంటే ఏ చెంప ఉబ్బేది? ప్రతి జవాబుకూ “చూశారా, అనుకుంటున్నారా?” అని నిలదీసేవాడు. చూశామంటే బొగ్గుతో ఒక గీత పడేది. అనుకుంటున్నామంటే పడేది కాదు. దారం పెట్టి నా నుదురూ గడ్డమూ కొలిచి, చిన్న పుస్తకంలో రాసుకుని, మరునాడు మళ్ళీ కొలిచేవాడు. నా నుదురేమైనా రాత్రికి రాత్రి పెరుగుతుందా అని నాకు ఒళ్ళు మండేది.

మాటిమాటికీ మగ్గం ఆపి లేచి రావలసి వచ్చిన మా నాయన ఏడో రోజున పూర్తిగా విసిగిపోయాడు.

“ఏమప్పా, బొమ్మ గీస్తాండావా, పంచాయితీ చేస్తాండావా? ఇన్ని దినాల్లో నేను చీర నేసి కోసేసుంటి!”

“చీరలో తప్పు పడితే పోగు విప్పుకోవచ్చన్నా. ముఖంలో తప్పు పడితే ఏ పోగు విప్పుతావు?” అన్నాడు రంగూన్ మామ, తల ఎత్తకుండా.

పదకొండో రోజు మధ్యాహ్నం పని కుడి కనుబొమ దగ్గర ఆగిపోయింది. అది గుబురుగా ఉండేదని అవ్వ, పలచగా ఉండేదని నాయన. వాదన ఎంతకీ తెగలేదు. నా వీపంతా చెమటకాయలు. వీధిలో నా ఈడు పిల్లలు ఆడుకుంటున్న అరుపులు వినిపిస్తున్నాయి. ఈ ఒక్కటి తేలితే నాకు విడుదల.

“ఆడ గాటు ఉన్నింది. నాకు బాగా గుర్తుండాది,” అనేశాను. చిన్నాయన పోయేనాటికి నాకు మూడేళ్ళు.

రంగూన్ మామ బొగ్గు ఎత్తలేదు. నా వంక మాత్రం చూశాడు. అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“అవునే తల్లీ, ఉన్నింది! కన్నతల్లిని, నేను మర్చిపోతినే!” అని ఏడవసాగింది.

రంగూన్ మామ నన్ను బయటి అరుగు మీదికి తీసుకెళ్ళాడు. తిట్టలేదు. అడవి దారిలో, ఒక రేవు దగ్గర, గుంపులో తన చెల్లెలు తప్పిపోయిందని చెప్పాడు. శరణార్థుల శిబిరంలో వెతికేవాళ్ళ కోసం ఆమె బొమ్మ గీసి ఇచ్చాడట. పుట్టుమచ్చ ఏ చెంప మీదో ఎంతకీ గుర్తు రాలేదట. తోడబుట్టినవాడై ఉండి తెలియదనడానికి సిగ్గుపడి, ఎడమ చెంప మీద పెట్టాడట. వారం తర్వాత ఒకామె వచ్చి, అచ్చం అలాంటి పిల్లే తన పక్క గుడారంలో ఉండేదని, మచ్చ కుడివైపు ఉండడంతో బొమ్మలోని పిల్ల ఈమె కాదులే అని పలకరించలేదని చెప్పింది. ఆయన పరుగెత్తి వెళ్ళేసరికి ఆ గుడారం ఖాళీ.

“ఆ చోటు ఖాళీగా వదిలి ఉంటే ఆ వచ్చినామె ఆగి పేరైనా అడిగేది. నా చెల్లెలో కాదో ఇప్పటికీ తెలియదు,” అన్నాడు.

నేను లోపలికి పరుగెత్తి, గాటు నా కల్పన అని అవ్వకు చెప్పేశాను. అవ్వ కసిరింది.

“వాణ్ణి కనింది నేనా, నువ్వా? కూర్చోను బద్ధకమై ఇప్పుడు అబద్ధం చెప్తాండావా? పో ఆ పక్కకు!”

రంగూన్ మామ ఆ కనుబొమను నీడలో వదిలి పటం పూర్తి చేశాడు. అవ్వ చాలాసేపు చూసింది. కళ్ళు వాడివే అంది, భుజం వాడిదే అంది. ఆ తర్వాత లోపలికి పోయి వేలికి కాటుక అంటించుకుని వచ్చి, నీడ మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఆయన కుంచెలు మూట కట్టుకుని, వాకిట్లో తల వంచి వెళ్ళిపోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత మా నాయన తన మనవళ్ళకు ఆ పటం చూపించి, మగ్గం కట్టె జారి తమ్ముడికి ఆ గాటు పడిందని, నెత్తురు తానే తుడిచానని చెబుతుంటే విన్నాను. విన్న ప్రతిసారీ చిర్రెత్తుకొచ్చేది. కోపగించుకోవలసింది నా మీదేనని నాకు తెలుసు.

నేను భూగర్భ జలాలు వెతికే ఉద్యోగంలో చేరి, యాడికి అనే ఊరి నుంచి కదిరి దాకా ఎండిన చేలల్లో కొలతలు తీస్తూ బతికాను. ఉద్యోగ విరమణ చేసినా, బోరు వేసే ముందు ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అంకెలు తేల్చని చోట తెలియదనే చెబుతాను. “ఇంత చదివి తెలీదంటావేమక్కా? నీళ్ళుండాయని ఒక్క మాట అంటే నీదేం పోతాది?” అని కసురుకుంటారు. నాదేమీ పోదు. నమ్మాలని తహతహలాడే మనిషికి ఒక్క మాట చాలు. దాన్ని వెనక్కి తీసుకోవడమే మన చేతిలో ఉండదు. ఇదంతా ఫోన్‌లో ఎలా చెప్పను? వాళ్ళు విసుక్కుంటారు, నేనూ విసుక్కుంటాను, తెలియదని ఇంకోసారి చెబుతాను.