పంచాయతీలో నేనన్న మాట

భర్త పోయినాక మా వదిన, మా ఆయన అక్క, కొమరోలు దగ్గరుండే మా ఊరికొచ్చి వెనక వీధిలో ఉంటోంది. గిద్దలూరు చర్చిలో ప్రార్థనలకు పోవడం అలవాటైంది ఆమెకు. తర్వాత్తర్వాత ప్రతి ఆదివారం పొద్దున నలుగురు ఆడవాళ్లు ఆమె ఇంట్లోనే కూర్చొని పాటలు పాడుకునేవాళ్లు. నాకు శనివారం ఉపవాసం, వెంకన్న పూజ. ఆమె దారి ఆమెది, నా దారి నాది.

ఒకనాడు ఊరోళ్లు పంచాయతీ పెట్టినారు. "ప్రార్థనలు ఆపాల, లేదంటే ఊరొదిలి పోవాల" అన్నాడు ఒక పెద్దమనిషి. వదిన తలొంచుకొని నిలబడింది. మా ఆయన నేల చూస్తా కూర్చున్నాడు. నేనే అనేసినా.

"ఆమె ఇంట్లో ఆమె దేవుణ్ణి తలుచుకుంటే మనకేంది నష్టం? రేపు నన్ను శనివారం ఉపవాసం ఉండొద్దంటారా?"

ఒకరు ఫోన్ ఎత్తి పట్టుకొనుండేది అప్పుడు చూసినా.

సాయంత్రానికి ఆ వీడియో కనిగిరిలో ఉండే మా చెల్లెలి దాకా పోయింది. కింద ఎవరో 'ఈమె ఇల్లెక్కడ?' అని అడిగితే, ఇంకెవరో మా వాకిలి ఫోటో పెట్టినారు. పొద్దున నేనేసిన ముగ్గు అట్లనే కనపడతా ఉంది. పోయి వాకిలి తలుపు గడియ పెట్టినా.

మర్నాడు చేనికి పోతే బోరు మోటారు వైర్లు తెగ్గోసి ఉన్నాయి. మధ్యాహ్నం బండ్ల మీద కుర్రోళ్లు వచ్చినారు. ముఖాలు తెలిసినవే, మా ఇంట్లో అన్నం తిన్నోళ్లు కూడా ఉన్నారు.

"అత్తా, తప్పయిందని వీడియోలో చెప్పు. ఐపోతాది."

మా ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "ఒక్క మాటే గదా, చెప్పేయే. మనం ఈ ఊర్లోనే బతకాల" అన్నాడు. ఆయన గొంతు విని నాకు ఇంకా భయమేసింది. తలుపు గట్టిగా పట్టుకున్నా.

"నేను తప్పు మాట్లాడలేదు నాయనా" అన్నా. నాకే సరిగా వినపడలేదు.

"సరే, చూస్తాంలే" అని పోయినారు. ఆ మాటతోనే వారమంతా చచ్చినా. బయట బండి ఆగిన చప్పుడైతే చాలు, కిటికీ సందులోంచి చూసేదాన్ని.

చివరికి వదినే ఇంట్లో ప్రార్థన మానుకుంది. "నా వల్ల నీకెందుకమ్మా ఈ బాధ? నేను బస్సులో గిద్దలూరు పోతాలే" అంది. ఒక్కదాన్నే పంపబుద్ధి కాక, ఆ ఆదివారం నేనూ ఎక్కినా. మా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. ఆమె లోపల పాడుకుంటుంటే నేను బయట అరుగు మీద కూర్చొని, వచ్చే పోయే బండ్లనే చూస్తా ఉండినా.