నిషాన్ లేని రొట్టె

నా చిన్నప్పుడు యాకుత్‌పురాలో మా గల్లీ మొత్తానికి రొట్టె కాల్చే పొయ్యి ఒక్కటే ఉండేది. అది మూల మీది బేకరీ వెనకాల భట్టీ. ఆదివారం పొద్దున బేకరీ వాళ్ల బన్నులు, బిస్కెట్లు కాల్చడం అయిపోయాక కూడా అందులో వేడి చాలాసేపు మిగిలి ఉండేది. ఆ వేడి ఊరికే పోవడం ఎందుకని చుట్టుపక్కల వాళ్లు ఇంట్లోనే పిండి కలుపుకుని, పళ్లెంలో సర్ది, పైన తడిగుడ్డ కప్పి అక్కడికి పంపేవాళ్లు. ఎవరి పళ్లెం ఎవరిదో తెలియడానికి ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేది. దాన్ని నిషాన్ అనేవాళ్లు. ఒకరు పిండి మీద చెంచాతో అడ్డగీత గీసేవారు, ఇంకొకరు మధ్యలో జీడిపప్పు గుచ్చేవారు. భట్టీ దగ్గర పనిచేసే చాచా ఆ నిషాన్ చూసి, పొడవాటి కర్రతో పళ్లేన్ని బయటికి లాగి, ఆ ఇంటివాళ్లను కేకేసి ఇచ్చేవాడు.

మాది కృష్ణా జిల్లా. నాన్నకు సర్కారు ఉద్యోగం కావడంతో ఈ ఊరొచ్చి పడ్డాం. మా ఇంట్లో రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్లు పాలల్లో ముంచుకు తినేది, అంతే. కానీ మా పక్క పోర్షన్లో ఉండే అక్క మాత్రం రొట్టె మాట ఎత్తితే చాలు, మొహం వెలిగిపోయేది. వాళ్ల ఆయన గల్ఫ్‌లో ఒక పెద్ద హోటల్లో రొట్టెలు చేసే పనిలో ఉండేవాడు.

ఆ పనే వాళ్ల ఇంట్లో తగువుకు కారణం. అక్క మామగారిది తరాల నాటి ఇత్తడి సామాన్ల దుకాణం. ఒక్కగానొక్క కొడుకు గద్దె మీద కూర్చోకుండా పరాయి దేశం వెళ్లి పిండి పిసుకుతున్నాడని ఆయనకు పట్టరాని కోపం. కొడుకు పేరు తన ముందు ఎత్తవద్దన్నాడు. అందుకే అక్క అత్తగారింట్లో కాకుండా మా పక్కన అద్దెకుండేది. ఆ ఏడాది ఆమె భర్త సెలవు మీద రాబోతున్నాడు. వస్తే తండ్రి గడప తొక్కనిస్తాడా లేదా అన్నదే అక్క బెంగ. మామగారి దగ్గరికి ఎన్నోసార్లు తిరిగి, ఒక్కసారి వచ్చి భోంచేసి పొమ్మని బతిమాలి, చివరికి ఒక ఆదివారానికి ఒప్పించింది.

"మాటలతోని ఆయన దిల్ కరగదమ్మా. ఆయన కొడుకు ఏం పని జేస్తడో నోట్లె వెట్టి చూపియ్యాలె," అని మా అమ్మతో అనడం నేను విన్నాను.

చూపించాలనుకున్నది మామూలు రొట్టె కాదు. భర్త ఎవరి చేతనో జైతూన్ కాయలు, అంటే ఉప్పునీళ్లలో ఊరిన నల్ల ఆలివ్‌లు, ఒక డబ్బా, ఏదో ఎండు ఆకు ఒక పొట్లం పంపించాడు. ఆ ఆకు నలిపితే వాము వాసన వచ్చేది. పొట్లంలో ఉన్నది చాలదని అక్క కుండీలోని వామాకు కూడా సన్నగా తరిగి కలిపింది. పోయినసారి పిండిలోంచి ఒక ముద్ద మిగిల్చి జాడీలో పులియబెట్టి, దాంతో ముందురోజు సాయంత్రమే కొత్త పిండి కలిపింది. పొద్దున నేను వెళ్లి చూసేసరికి అది తడిగుడ్డను పైకి లేపుకుంటూ ఊపిరి పీల్చే పసిపిల్ల పొట్టలా ఉంది. పల్లినూనె చేతికి రాసుకుని దాన్ని పళ్లెం నిండా పరిచి, గింజ తీసిన జైతూన్లను ఒక్కొక్కటే పువ్వు ఆకారంలో గుచ్చింది. అదే ఆమె నిషాన్. ఆ నల్లటి పువ్వు చూసి నాకు నోరూరింది. డబ్బా అడుగున ఒక్క కాయ కూడా మిగల్లేదు.

పళ్లెం నా చేతికిచ్చింది. "పైలం బిడ్డా. ఒత్తకు, ఊపకు. పొంగు వోతే మళ్ల రాదు," అంది. నాకు తప్ప ఆ పళ్లేన్ని ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు. గల్లీలో నాకు అది పెద్ద గొప్ప.

ఆ గొప్పే నన్ను చెడగొట్టింది. రైల్వే స్టేషన్ గోడ పక్కన నా ఈడు పిల్లలు గోలీలాడుతున్నారు. ఆగకుండా పోవచ్చు. కానీ వాళ్లు చూడాలని ఆగాను. ఒకడు గుడ్డ ఎత్తి, "ఏందిరా, నేరేడు పండ్లా?" అన్నాడు. "దుబాయ్ నేరేడు పండ్లు, మీరెప్పుడూ తినుండరు," అన్నాను. నాకూ తెలియదు అవి ఎలా ఉంటాయో. వాళ్లు నమ్మలేదు. నమ్మించడానికి ఒకటి పీకి ఇచ్చాను. వాడు కొరికి, తూ అని ఉమ్మాడు. నేనొకటి నోట్లో వేసుకున్నాను. ఉప్పు, చేదు. నా మొహం చూసి అందరూ పడీపడీ నవ్వారు.

"దుబాయ్ల గివి మేకలకు ఏస్తరు గావచ్చురా!" అన్నాడు ఇంకొకడు.

నన్ను చూసి నవ్వుతున్నారన్న బాధ తట్టుకోలేక, ఆ నవ్వును ఇంకోవైపు మళ్లించాలనుకున్నాను. అక్కడే గోడకు కట్టేసిన మేక ఉంది. ఒక జైతూన్ పీకి దాని నోటికి అందించాను. అది నమిలి, మూతి అటూ ఇటూ తిప్పి, నా మొహంలోకి చూసింది. పిల్లలు పొట్ట పట్టుకున్నారు. ఇంకొకటి పెట్టాను. ఇంకా నవ్వారు. ఆ నవ్వు ఆగిపోతుందేమోనన్న భయంతో పువ్వు మొత్తం మేకకు పెట్టేశాను. పిల్లలు గోలీల్లోకి వెళ్లిపోయాక చూసుకుంటే పిండి నిండా గుంటలు. అవి కనబడకూడదని రెండు చేతుల వేళ్లతో నొక్కి నొక్కి సాపు చేశాను. పిండి ఉస్సుమని కుంగిపోవడం నా వేళ్లకు తెలిసింది. అయినా నొక్కాను.

భట్టీ చాచా పళ్లెం అందుకుని నుదురు చిట్లించాడు. "అరె బేటా, ఇది ఎవరిది? నిషాన్ ఏది?"

"అక్క ఈసారి పెట్టలేదు చాచా."

"పిండి గూడ కూసున్నది చూడు. మీ అక్క జల్దీ జేసింది," అని నిట్టూర్చి లోపలికి తోశాడు.

రొట్టె కాలాక పళ్లెం తీసుకుని నేను అక్క ఇంటికి వచ్చేసరికి మామగారు చాప మీద కూర్చుని ఉన్నారు. తెల్లటి ధోవతి, చేతికర్ర. అక్క కొంగు తలమీదికి లాక్కుని ఎదురొచ్చి పళ్లెం మీద గుడ్డ తీసింది. పెంకులా గట్టిపడ్డ రొట్టె. నల్ల పువ్వు లేదు. ఆమె నా వైపు చూసింది. అడక్కుండానే నేను చెప్పేశాను. "జైతూన్లు భట్టీలో చాచా వాళ్లు తీసుకుని తినేశారక్కా," అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

మామగారు కర్ర పట్టుకుని లేవబోయారు. "ఆడపిల్ల ఒక్కతె ఉంటదని గింత లోకువనా? వాని సంగతి నేను జూస్త పా!"

అక్క రొట్టె వైపే చూస్తోంది. దాని మీద నా వేలి గుంటలు కాలి గట్టిపడి అలాగే ఉన్నాయి. తన బొటనవేలు ఒక గుంటలో పెట్టబోయింది. అది దూరలేదు. చాచావి మోటు చేతులు, ఒక్కో వేలు నా వేళ్లు రెండింటి లావు ఉండేది. ఆమె చూపు మెల్లగా నా చేతుల మీదికి వచ్చింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"వద్దు మామా, కూసోండ్రి," అంది. "చాచాను ఏమనకుండ్రి. తప్పు నాదే. ఫికర్ల వడి జైతూన్ ఏసుడే మర్శిన. పిండి గూడ పొంగనియ్యలే. పిల్లగానికి ఏం తెల్సు, ఏదో అంటున్నడు."

ఆయన కూర్చున్నారు. ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నారు. నమలడానికి చాలా కష్టపడ్డారు. ఆయన నమలడానికి నిజంగానే ప్రయత్నించారు, అది నేను చూశాను. చివరికి మిగిలింది పళ్లెం అంచున పెట్టి, "గీ రొట్టె కోసమా వాడు దుకాణం ఇడిశిపెట్టి పోయింది?" అన్నారు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

నన్ను కొడుతుందనుకున్నాను. అక్క ఆ రొట్టెను ముక్కలు చేసి వేడి వేడి పప్పులో నానేసింది. మెత్తబడ్డాక నాకొక గిన్నెలో పెట్టి, తనూ పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తింది. తింటున్నంతసేపు కళ్లు తుడుచుకోవడం, ముక్కు ఎగబీల్చడం, మళ్లీ తినడం. నాకు ముద్ద దిగలేదు. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం నన్ను మళ్లీ పిలిచింది. పిండి మీద ఈసారి జైతూన్లు లేవు, వామాకు మాత్రమే. పళ్లెం నా చేతిలోనే పెట్టి, గుడ్డ కప్పుతూ, "తొవ్వల మేకకు ఆకలైతే వచ్చి నాకు చెప్పు. గడ్డి ఏస్త," అంది. పెదవుల మీద చిన్న నవ్వు. ఎవరు చెప్పారో, మొదటి రోజునే తెలుసో, నాకిప్పటికీ తెలియదు. నేను తల దించుకుని భట్టీదాకా నడిచాను. పళ్లెం అంత బరువుగా ఎప్పుడూ లేదు.

ఆమె భర్త సెలవు మీద వచ్చాడు. దుకాణం వైపు మాత్రం వెళ్లలేదు. సెలవంతా ఆ ఇరుకు పోర్షన్లోనే గడిపాడు. "మీ అక్క పళ్లెం తీస్కొని భట్టీకి పోయేది నువ్వేనా? శాన మంచిగ చెప్పిందిరా నీ గురించి," అని నా చేతిలో చాక్లెట్ పెట్టాడు. దాన్ని తినలేక జేబులో ఉంచుకున్నాను. అది కరిగి నిక్కరుకు అంటుకుంది. ఆ తర్వాత వాళ్లు ఇల్లు మారిపోయారు. వాళ్లు ఉన్నన్నాళ్లూ ఆ మామగారు మా ఇంటి మెట్లు మళ్లీ ఎక్కగా నేను చూడలేదు.

ఆ రోజుతో నేను బాగుపడ్డానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఉద్యోగంలో నా పొరపాట్లు చాలానే కింది వాళ్ల మీదికి జారవిడిచాను. నలుగురిలో నవ్వులపాలు కాకూడదన్న భయం మేక దగ్గర మొదలై నాతోపాటే ముసలిదైంది.

ఇప్పుడు సైదాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. రిటైరయ్యాక ఫోన్లో చూసి రొట్టెలు చేయడం నేర్చుకున్నాను. జైతూన్లు ఇప్పుడు ప్రతి సూపర్ మార్కెట్లోనూ దొరుకుతున్నాయి. కుండీలో వామాకు నేనే పెంచుతున్నాను. మొన్నామధ్య పాత స్నేహితులు భోజనానికి వస్తే ఆ రొట్టే చేశాను. తొందరలో వేడినీళ్లు పోసి పిండిని పాడు చేశాను. బల్ల మీద అది అట్టముక్కలా కూర్చుంది. ఒకాయన నవ్వబోయాడు. వెంటనే నేనే నవ్వేసి, "పిండి మా కోడలు కలిపింది లెండి, ఇంకా చేయి తిరగలేదు," అన్నాను. అందరూ నవ్వారు. కోడలు నీళ్ల గ్లాసులు పెడుతోంది. చేతిలోని గ్లాసు బల్ల మీద దించి, "అవునంకుల్, నేనే తొందరపడ్డాను," అంది.

ఆ పిల్ల పిండిని ముట్టుకోనే లేదు.

నాకు చాప మీద తెల్ల ధోవతి, పళ్లెంలో రొట్టె మీద నా వేలి గుంటలు కళ్లముందు కనబడ్డాయి. ఆ గుంటల్లో ఇప్పుడు నా చిటికెన వేలు కూడా పట్టదు. కానీ ఆ వేళ్లు నావే. లేచి నిలబడి, "అబద్ధమాడాను. కలిపింది నేను, చెడగొట్టిందీ నేను. ఈ అమ్మాయికి దీంతో సంబంధం లేదు," అన్నాను. బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఇంత చిన్న మాటకు ఈ ముసలాడు ఎందుకు లేచి నిలబడ్డాడో వాళ్లకు అర్థం కాలేదు. నాకు చెవులు మండిపోయాయి. ఈ మాట నేను చెప్పాల్సిన మనిషి అక్కడ లేదు, ఎక్కడుందో కూడా తెలియదు.

ఆ రాత్రి అందరూ వెళ్లాక కోడలు మిగిలిన రొట్టెను పారేయకుండా పప్పులో నానేసింది. ఎవరు నేర్పారో మరి. గిన్నె నా ముందు పెట్టి తనూ కూర్చుంది. "ఈసారి బాగా వస్తే ఎవరు చేశారని చెప్పమంటారు మామయ్యా?" అంది కొంటెగా.

నేను గిన్నె దగ్గరికి లాక్కుని తిన్నాను. ఈసారి ముద్ద దిగింది.