మూతపడే చర్చిల ఫాదర్

అమెరికాలో ఎపిస్కోపల్ శాఖ చర్చిల బిషప్పులకు ఫాదర్ దివాకర్ పేరు ఒక పనికి బాగా గుర్తుండేది. ఎక్కడైనా సంఘం చిక్కిపోయి, పదిమంది ముసలివాళ్ళు మిగిలి, ఇక చర్చి అమ్మెయ్యక తప్పదని తేలితే ఆయనకు ఫోన్ చేసేవాళ్ళు. ఆయన రెండు సూట్‌కేసులు కారులో పడేసుకుని వెళ్ళేవాడు. ఏడాదో, ఏడాదిన్నరో అక్కడుండి, ఆదివారాలు ఆరాధన జరిపి, మంచాన పడ్డవాళ్ళను పలకరించి, చివరికి బిషప్పు పక్కన నిలబడి తలుపులు మూయించి వచ్చేవాడు. అలా మూడు చర్చిలయ్యాయి. నాలుగోది ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరాలో.

ఆయన డోర్నకల్ జంక్షన్‌లో పాయింట్స్‌మన్ కొడుకు. తండ్రి జీవితమంతా వచ్చేపోయే రైళ్ళకు దారులు మార్చాడే గాని, తాను రైలెక్కింది తక్కువ. కొడుకు ఆ లోటంతా తీర్చేశాడు. దైవశాస్త్రం చదవడానికి అమెరికా వచ్చి, ఇక్కడే గురువుగా అభిషేకం పొంది, మొట్టమొదట అలాస్కా వెళ్ళాడు. యూకాన్ నది ఒడ్డున ఓ పల్లె. బుల్లి విమానం తప్ప మరో దారి లేదు. చలికాలంలో ఎవరైనా పోతే, ముందు నేల మీద మంట పెట్టి గడ్డకట్టిన మట్టిని కరిగిస్తేనే గొయ్యి తవ్వడానికి వీలయ్యేది. ఊళ్ళో మగవాళ్ళతోపాటు ఆ మంట దగ్గర రోజంతా కూర్చునేవాడాయన. ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. ఆ మౌనం అప్పట్లో ఆయనకు బరువనిపించేది కాదు.

తర్వాత టెక్సాస్ తీరంలో ఓ రేవు. సరుకు ఓడల నిచ్చెనలు ఎక్కి, నెలల తరబడి నేల మీద కాలుపెట్టని నావికులకు సిమ్ కార్డులు, ఊలు టోపీలు అందించి, వాళ్ళ గోడు వినేవాడు. ఆ రోజుల్లోనే అదే రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో నర్సుగా పనిచేస్తున్న కృపావతితో పెళ్ళయింది. ఆమెది బందరు. రేవు పని అయ్యాక దక్షిణ డకోటా, ఆపైన వయోమింగ్. ఆమె మాత్రం ఇర్వింగ్ వదల్లేదు.

“మీరు తిరగండి. తిరిగొచ్చేందుకు ఒక ఇల్లంటూ ఉండాలిగా,” అనేది.

పిల్లలు కలగలేదు. ఎనిమిదేళ్ళ కిందట కాన్సర్‌తో ఆమె పోయింది. ఆయన ఇల్లమ్మేశాడు. చర్చిలు మూసే పని ఒప్పుకున్నది ఆ తర్వాతే.

వెళ్ళినచోటల్లా అమెరికన్లు ఆయన్ని మర్యాదగా చూశారు. ప్రసంగం బాగుందని చెయ్యి కలిపి, ఎవరి కార్లలో వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. తెలుగు క్రైస్తవులు ఆయన మెడలోని తెల్ల కాలర్ చూసి “మీరు క్యాథలిక్కా అంకుల్?” అని ఆగిపోయేవాళ్ళు. మిగతా తెలుగువాళ్ళు మతం గురించి ఎత్తుతాడేమోనని పొడిపొడిగా మాట్లాడేవాళ్ళు. అందుకని ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేటప్పుడు కాలర్ తీసి జేబులో పెట్టుకునేవాడు. పోనుపోను తెలుగు ఆయనకు కందిపప్పు, చింతపండు కొనుక్కునే భాషగా మిగిలింది.

అరోరాలో ఫాక్స్ నదికి దగ్గరగా చిన్న రాతి చర్చి. సంఘంలో మిగిలింది ఏడుగురు. ఫిబ్రవరిలో ఓ ఆదివారం మంచు విపరీతంగా కురిసి, ఆ ఏడుగురిలో ఒక్కరూ ఇల్లు కదల్లేదు. ఆర్గన్ వాయించే లూయిస్ అనే పెద్దావిడ కూడా రాలేనని కబురు పెట్టింది. అయినా దివాకర్ పక్కనే ఉన్న బస నుంచి నడిచొచ్చి, దీపాలు వెలిగించి, అలవాటు ప్రకారం గంట కొట్టాడు. ఖాళీ బెంచీల ఎదురుగా కూర్చున్నాడు.

కాసేపటికి తలుపు తోసుకుని ఒకావిడ లోపలికొచ్చింది. అరవై దాటి ఉంటాయి. నేత చీర మీద మగవాళ్ళ జాకెట్, కాళ్ళకు బూట్లు. వణికిపోతోంది.

“డోర్ లాక్. డాటర్ నో. ఫోన్ ఇన్‌సైడ్,” అంది.

“తెలుగువారామ్మా?”

ఆవిడ ఒక్కక్షణం తెల్లబోయింది. “అయ్యో, మీరు తెలుగువాళ్ళా! బతికించారు బాబూ. కాళ్ళపట్టా దులుపుదామని బయటికొచ్చానండీ. వెనకాల తలుపు టక్కున పడిపోయింది. మంచు తగ్గిందని పిల్లలు పక్కూరు నేపర్‌విల్లో షాపింగ్‌కి పోయారు. గంట వినపడితే ఎవరో ఒకరు ఉంటారు గదా అని ఇటొచ్చా.”

పేరు నాగమల్లేశ్వరి. ఊరు నరసరావుపేట. కూతురు స్పందన దగ్గరికి ఆరు నెలలు ఉండి పోదామని వచ్చింది. కూతురి నంబరు అడిగితే తల అడ్డంగా ఊపింది. “నంబర్లు ఫోన్లో ఉంటాయి గానీ నా బుర్రలో ఉంటాయా ఫాదర్‌గారూ!”

ఆయన హీటర్ దగ్గర కుర్చీ వేసి, టీ పెట్టిచ్చాడు. ఆవిడ చెప్పిన గుర్తుల ప్రకారం పక్క వీధికి వెళ్ళి, తన నంబరు రాసిన కాగితం ఇంటి తలుపుకు అంటించి వచ్చాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ ఖాళీ బెంచీలకేసి చూస్తోంది.

“నావల్ల మీ పూజ ఆగిపోయిందాండీ?”

“లేదమ్మా. ఇవాళ ఎవ్వరూ రాలేదు. ప్రభు భోజనమని రొట్టె, ద్రాక్షరసం ఇస్తాం. అది పుచ్చుకోవడానికి ఒక్కరన్నా ఉంటేగాని మేం జరపకూడదు.”

“నేను లేనా?”

“అది మీరు పుచ్చుకునేది కాదులెమ్మా,” అని నవ్వాడు. “కానీ ఉదయ ప్రార్థన ఒకటుంది. దానికి అట్లాంటి పట్టింపు లేదు.”

“అయితే కానివ్వండి. నేను ఇట్లా కూర్చుంటా.”

ఇంగ్లిష్ పుస్తకం తెరిచాడు. ఆవిడ ముఖం చూసి మూసేశాడు. డోర్నకల్‌లో చిన్నప్పుడు తల్లి పక్కన నిలబడి కంఠతా నేర్చుకున్న ప్రార్థన తెలుగులో మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గరే మాట దొరకలేదు. ఆవిడ చేతులు జోడించుకుని ఓపిగ్గా చూస్తోంది. ఎట్లాగో మాట దొరికింది. తర్వాతివి వాటంతటవే వచ్చాయి.

అయినవాళ్ళ కోసం వేడుకునే విజ్ఞాపనల దగ్గర ఆగి, “మీవాళ్ళ పేర్లు ఏవైనా ఉంటే పైకి చెప్పుకోవచ్చమ్మా,” అన్నాడు.

“స్పందన. అల్లుడు తేజేశ్వర్. మనవరాలు దియ. మా ఆయన చక్రపాణి గారు, ఆయనకి మోకాళ్ళు నొప్పి.” ఆవిడ ఆగింది. “మరి మీవాళ్ళవి?”

ముప్పై ఏళ్ళుగా జనం తమవాళ్ళ పేర్లు చెబుతుంటే ఆయన విన్నాడు. ఆయన్ని తిరిగి అడిగినవాళ్ళు లేరు. కృపావతి పోయినప్పుడు అంత్యక్రియలు వేరే గురువు జరిపించాడు. ఆ తర్వాత ఏ చర్చిలోనూ ఆయన ఆ పేరు పైకి అనలేదు.

“కృపావతి,” అన్నాడు. అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“మీ ఇంటావిడా?” అందావిడ మెల్లగా.

తలూపాడు. ఆవిడ జాకెట్ జేబులోంచి కాగితపు రుమాలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం స్పందన కంగారుగా వచ్చింది. “అమ్మా, నీకెన్నిసార్లు చెప్పాను, తాళంచెవి మెడలో వేసుకోమని! సారీ అంకుల్, మీకు చాలా ట్రబుల్ ఇచ్చాం.” తల్లిని కారెక్కించుకుని తీసుకుపోయింది.

ఆ తర్వాత ఎండ వచ్చిన మధ్యాహ్నాల్లో నాగమల్లేశ్వరి వాకింగ్‌కని బయల్దేరి చర్చి వైపు వచ్చేది. వెనక బెంచీలో కూర్చునేది. నరసరావుపేట సంగతులు, చక్రపాణి గారి మొండితనం, మనవరాలు తనతో ఇంగ్లిష్‌లోనే పోట్లాడ్డం చెప్పేది. అలాస్కాలో నేల మీద మంట పెట్టడం గురించి ఆయన చెబితే, “అబ్బ, చచ్చినా సుఖం లేదే!” అని ఆశ్చర్యపోయింది. ఒకసారి డబ్బాలో కందిపొడి తెచ్చి, నెయ్యి తక్కువ వేసుకోవద్దని మరీ మరీ చెప్పింది.

ఏప్రిల్ చివర్లో ఆవిడ గడువు ముగిసింది. వెళ్ళేముందు చెప్పి పోదామని చర్చికి వచ్చిందట. ఆ సమయానికి ఆయన ఆస్పత్రిలో లూయిస్ మంచం పక్కన ఉన్నాడు. స్పందన తర్వాత మెసేజ్ పెట్టింది: అమ్మ రీచ్ అయ్యింది అంకుల్, మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది. ఆయన సంతోషమని జవాబిచ్చాడు.

జూన్‌లో చర్చి మూశారు. లూయిస్ అప్పటికి లేదు. ఆర్గన్ ఎవరూ వాయించలేదు. బిషప్పు చదవాల్సింది చదివాక, దివాకర్ బల్ల మీది సిలువను గుడ్డలో చుట్టి బయటికి తీసుకొచ్చాడు.

“ఇక నన్ను మూసే చోటుకి పంపకండి,” అన్నాడు కారు దగ్గర బిషప్పుతో. “తెరిచుండేది ఏదైనా ఉంటే చూడండి.”

ఆ వయసులో ఆయన్ని తీసుకునే సంఘం దొరకలేదు. అరిజోనాలోని చాండ్లర్ దగ్గర ఓ ఆస్పత్రికి చాప్లిన్, అంటే రోగులను పలకరించే ఫాదర్, కావాలన్నారు. మూడు రోజులు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి చేరాడు. రోగులకు ఆయన నచ్చాడు. పక్కన కూర్చుని తొందరపెట్టకుండా వింటాడని నర్సులు చెప్పుకుంటారు.

సోమవారాలు ఆయనకు సెలవు. ఆ రోజు ఏం చెయ్యాలో తోచదు. ఊరి బయటికి డ్రైవ్ చేసి, ఎడారిలో ముళ్ళ మొక్కల మధ్య కారు ఆపి, ఏసీ వేసుకుని కొంతసేపు కూర్చుంటాడు. ఎండ మరీ ఎక్కువైతే వెనక్కి తిప్పుతాడు.